షజరాలో ఆడబిడ్డల పేర్లు

(కడపలో జరిగిన ఒక ఖాందాన్ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలనందరినీ ఈ రోజు ఒకే కప్పు కింద సమావేశపరచిన అల్లాహ్‌కు వేనవేల కృతజ్ఞతలు. కువైట్ నుంచి సెలవు పెట్టుకొని వచ్చినవారు, హైదరాబాదు, బెంగళూరుల నుంచి రాత్రి బస్సులెక్కి వచ్చినవారు, ఈ జిల్లా దాటి ఎన్నడూ వెళ్లనివారు ఇక్కడ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చున్నారు. చాలామంది ఒకరినొకరు పెళ్లిళ్లలోనో, జనాజా వెంట నడిచినప్పుడో తప్ప చూసుకోలేదు. ఏ శుభమూ, ఏ అశుభమూ లేని ఒక రోజున, కేవలం కలుసుకోవడం కోసమే కలుసుకున్నాం. ఇది చిన్న విషయం కాదు.

గోడకు అతికించిన షజరాను ఉదయం నుంచి అందరూ చూస్తూనే ఉన్నారు. దానిని తయారుచేసే బాధ్యతను రెండేళ్ల కిందట ఈ ఖాందాన్ మా మీద ఉంచింది. ఈ రెండేళ్లలో మమ్మల్ని ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఒకటుంది: ఇంత శ్రమ దేనికి? పోయినవారి పేర్లు పోగుచేస్తే ఉన్నవారికి ఒరిగేదేమిటి?

ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడానికే ఈ నాలుగు మాటలు. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరికి ఎవరి మీద ఏ హక్కు, ఏ బాధ్యత ఉన్నదో చెప్పే పత్రమే షజరా. ఆ పని అది చేయాలంటే దానిలో ఆడబిడ్డల పేర్లు ఉండి తీరాలి. అవి లేని షజరా సగం కాగితం. ఆ సగం కాగితం వల్ల నష్టపోయేది కూడా మన ఇంటి ఆడబిడ్డలే.

దీన్‌లో వంశానికి ఉన్న స్థానం

వంశం గురించి మన దీన్ రెండు మాటలు చెబుతున్నది. రెండింటినీ కలిపి చూడాలి. దివ్యఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా మానవులందరినీ ఒకే స్త్రీ పురుషుల సంతానంగా పేర్కొని, తెగలు, జాతులు పరస్పరం గుర్తుపట్టుకోవడానికేనని, దైవసన్నిధిలో గౌరవానికి కొలమానం దైవభీతి మాత్రమేనని బోధిస్తున్నది. నిసా సూరా తొలి ఆయత్‌లోనే రక్తసంబంధాల విషయంలో జాగరూకులై ఉండాలన్న హెచ్చరిక ఉన్నది. బంధుత్వాలు నిలుపుకోవడానికి కావలసినంత మేరకు వంశాలను తెలుసుకోవాలని దైవప్రవక్త (సఅసం) ఉపదేశించినట్లు తిర్మిజీలోని హదీసు తెలుపుతున్నది. అంటే వంశజ్ఞానం కూడదని ఎక్కడా లేదు. దాని ప్రయోజనం సిలారహ్మీ, అనగా బంధువుల హక్కులను నెరవేర్చడం. వంశం పేరిట గర్వించడం మాత్రం అజ్ఞానకాలపు లక్షణం.

చరిత్రలో దీనికి ఒక గొప్ప ఉదాహరణ ఉన్నది. ద్వితీయ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ప్రజలకు వార్షిక భత్యాలు పంచడానికి 'దీవాన్' అనే దఫ్తర్‌ను నెలకొల్పారు. అందులో పేర్లు చేర్చే పనిని వంశాలు బాగా తెలిసిన ముగ్గురికి అప్పగించారు. వారు అఖీల్ బిన్ అబీ తాలిబ్, మఖ్‌రమా బిన్ నౌఫల్, జుబైర్ బిన్ ముత్‌యిమ్. తెగల వారీగా, కుటుంబాల వారీగా పేర్లు రాశారు. ఆ దఫ్తర్‌లో పురుషులతోపాటు స్త్రీలకు, పిల్లలకు కూడా చోటు దొరికింది. తొలుత పాలు మాన్పించిన బిడ్డకే భత్యం ఇచ్చేవారనీ, ఆ భత్యం కోసం ఒక తల్లి ముందుగానే పాలు మాన్పిస్తుంటే బిడ్డ ఏడుపు విన్న ఖలీఫా చలించి, పుట్టిన నాటి నుంచే ఇవ్వాలని ఆజ్ఞాపించారనీ చరిత్రకారులు చెబుతారు. ఎవరి వాటా వారికి చేర్చడం కోసం రాసిన షజరా అది. మన గోడ మీది కాగితం కూడా ఆ దారినే నడవాలని మా కోరిక.

పేర్లు ఎక్కడెక్కడ దొరికాయి

ఇతర ఖాందాన్‌లవారు కూడా ఈ పనికి పూనుకుంటారన్న ఆశతో, మేము వెదికిన తావులను వివరంగా చెబుతాము.

మొదట మన పెద్దల ఇంట ట్రంకుపెట్టెలో ఉర్దూలో రాసిన ఒక పాత బయాజ్ దొరికింది. అందులో అయిదు తరాల పేర్లున్నాయి. ఫలానావారికి ముగ్గురు కొడుకులు, వారిలో పెద్దవారికి ఇద్దరు కొడుకులు, ఇలా సాగుతుంది. ఆ అయిదు తరాలలో ఒక్క స్త్రీ పేరు కూడా లేదు. తల్లి లేకుండా తరం ఎలా నడిచిందో ఆ బయాజ్ చెప్పదు.

తర్వాత రెవెన్యూ దఫ్తరాలు. దస్త్రాల మధ్యనే ఉద్యోగజీవితం గడిపిన మాకు ఈ దారి కొంత పరిచయమే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఇనాం కమిషన్ ఏర్పడింది. ఆ కమిషన్ విచారణలో తయారైన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో ఏ ఊరిలో ఎంత ఇనాం భూమి, ఏ సేవ నిమిత్తం, మొదట ఎవరికిచ్చారు, విచారణనాటికి ఎవరి అనుభవంలో ఉంది అన్న వివరాలు నమోదయ్యాయి. మస్జిద్‌లకు, దర్గాలకు, ఖాజీ సేవకు, ఖతీబ్ సేవకు ఇచ్చిన భూములు వాటిలో కనిపిస్తాయి. వక్ఫ్ ఆస్తుల వివాదాలలో ఈ రిజిస్టర్ల నకళ్లను ఈనాటికీ సాక్ష్యంగా చూపుతారు. మస్జిద్ సేవ చేసిన మన పూర్వికుడొకరి పేరు, ఆయన కుమారుడి పేరు మాకు అక్కడే దొరికాయి. తెలంగాణ ప్రాంతపు కుటుంబాలవారు 1954-55 నాటి ఖాస్రా పహాణీని, అంతకుముందు నిజాం కాలపు సేత్వార్‌ను చూడవచ్చు. హైదరాబాదు తార్నాకలోని రాజ్య అభిలేఖాగారంలో మొగల్, ఆసఫ్‌జాహీ కాలాల పార్సీ, ఉర్దూ దస్త్రాలున్నాయి.

బడి ప్రవేశ రిజిస్టర్లు మరొక ఆధారం. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అంతకు ముందు పుట్టిన మనవారిలో అనేకులకు బడి రిజిస్టరే ఏకైక జననపత్రం. బడి ముఖం చూడని ఆడపిల్లలకు అదీ లేదు.

ఆడబిడ్డ పేరు తప్పనిసరిగా దొరికే దఫ్తర్ ఒకటుంది. అది ఖాజీగారి సియాహా. వధువు పేరు, ఆమె తండ్రి పేరు, వకీలు, సాక్షులు, మెహర్ మొత్తం అక్కడ రాసి ఉంటాయి. బయాజ్ రాసినవారు ఆడబిడ్డను మరచిపోవచ్చు, పాసుపుస్తకం మరచిపోవచ్చు. ఆమె సమ్మతి లేనిదే నికాహ్ చెల్లదు గనుక సియాహా మాత్రం మరచిపోదు. మన నానీలు, దాదీలు, ఫూఫీల పేర్లలో ఎన్నో మాకు ఆ పాత సియాహాలలోనే దొరికాయి. చిరిగిపోతున్న ఆ రిజిస్టర్లను జాగ్రత్తపరచడం ఖాజీల ఒక్కరి పని అనుకోకూడదు. ప్రతి జమాఅత్ దానిని తన పనిగా భావించాలి.

అన్నింటికన్న గొప్ప దఫ్తర్ మన వృద్ధ స్త్రీల జ్ఞాపకం. పురుషులను అడిగితే తమ తండ్రి, తాత, ముత్తాతల వరుస చెప్పి ఆగిపోయారు. స్త్రీలు ఎవరి కూతురు ఏ ఊరికి కోడలుగా వెళ్లిందో, ఏ బాలింత కానుపులో మరణించిందో, ఆమె బిడ్డను ఎవరు సాకారో చెప్పారు. ఎవరు ఎవరికి పాలిచ్చారన్నది కూడా వారికే తెలుసు. పాల సంబంధం కూడా వివాహాన్ని నిషేధించేదని మన షరీఅత్ చెబుతున్నది కదా. ఏ కాగితం మీదా లేని ఆ సంబంధాలను వారు చెప్పగా విని, షజరాలో చుక్కల గీతతో చూపాము.

మన ఇళ్లలో మాట్లాడే భాషనే గమనించండి. తండ్రి సోదరి ఫూఫీ, తల్లి సోదరి ఖాలా. తండ్రి సోదరుడు చాచా, తల్లి సోదరుడు మామూ. తండ్రి తల్లి దాదీ, తల్లి తల్లి నానీ. ఒక్కొక్క బంధానికి ఒక్కొక్క పేరు. తల్లి వైపు చుట్టరికాన్ని మన నాలుక ఇంత శ్రద్ధగా నిలుపుకున్నది. మన కాగితాలే దానిని విడిచిపెట్టాయి.

పేరు పోయిన చోట వాటా పోతుంది

షజరాలో పేరు లేకపోతే మనసు నొచ్చుకోవడమే తప్ప మరేం నష్టమని కొందరు అన్నారు. నష్టమేమిటో చెబుతాము.

తల్లిదండ్రులు, సమీప బంధువులు విడిచివెళ్లిన ఆస్తిలో, అది కొంచెమైనా ఎక్కువైనా, పురుషులకు వాటా ఉన్నట్లే స్త్రీలకూ వాటా ఉన్నదని నిసా సూరా నిర్ణయించింది. ఆ వాటా అల్లాహ్ విధించినది. సోదరుల దయాదాక్షిణ్యం కాదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకాయన 8 ఎకరాల పొలం విడిచి మరణించారు. అప్పులు లేవు, వసియ్యత్ లేదు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 1 ఎకరా. మిగిలిన 7 ఎకరాలను అయిదు భాగాలు చేస్తే ఒక్కొక్క కొడుక్కు రెండు భాగాలు, కూతురికి ఒక భాగం. కొడుకులకు చెరి 2 ఎకరాల 80 సెంట్లు, కూతురికి 1 ఎకరా 40 సెంట్లు. చిన్నపిల్లలు కూడా వేయగల లెక్క ఇది.

దేశ చట్టం కూడా ఆమె పక్షానే ఉన్నది. 1937 నాటి షరియత్ అన్వయ చట్టం, ఆచారం పేరిట ఆడబిడ్డను తప్పించే పద్ధతిని తోసిపుచ్చి, ముస్లిముల వారసత్వానికి షరీఅత్‌ను వర్తింపజేసింది. ఆ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించగా, 1949లో మద్రాసు రాష్ట్రం సవరణ చేసి ఆ మినహాయింపును తొలగించింది. అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్న మన సీమ జిల్లాలకు, కోస్తా జిల్లాలకు ఆ సవరణ వర్తించింది. కనుక పొలం విషయంలో ఆడవారికి హక్కు లేదని మన ప్రాంతంలో ఎవరైనా అంటే అది షరీఅత్ మాటా కాదు, చట్టం మాటా కాదు.

మరి ఆ 1 ఎకరా 40 సెంట్లు ఎక్కడికి పోతున్నాయి? అవి కోర్టులో పోవడం లేదు. తండ్రి మరణించిన నలభై రోజులకు తహసీల్దారు కార్యాలయంలో కుటుంబ సభ్యుల ధ్రువీకరణ కోసం పెట్టే దరఖాస్తులో పోతున్నాయి. అందులో కొడుకుల పేర్లు రాస్తారు. కూతురు పెళ్లయి వెళ్లిపోయింది కదా అని రాయరు. విచారణకు వచ్చిన ఉద్యోగి ఇరుగు పొరుగులను అడుగుతాడు. వారూ కొడుకుల పేర్లే చెబుతారు. ఆ ధ్రువపత్రం మీద మ్యుటేషన్ జరుగుతుంది, పాసుపుస్తకం వస్తుంది, బ్యాంకులో రుణం వస్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆమె పిల్లలు అడిగితే, మీ అమ్మ ఈ ఇంటి బిడ్డ అనడానికి కాగితమేదని ఎదురు ప్రశ్న వేస్తారు. పేరు ఎత్తివేయని చోట, కంటతడి పెట్టించి హక్కు విడుదల దస్తావేజు మీద వేలిముద్ర వేయిస్తారు. పెళ్లికి ఖర్చు చేశాము, జోడాకు ఇచ్చాము కదా అంటారు. పెళ్లి ఖర్చు విరాసత్ వాటాకు బదులు కానేరదని ఏ ఆలిమ్‌ను అడిగినా చెబుతారు. వాటా తన చేతికి వచ్చిన తర్వాత, ఏ ఒత్తిడీ లేకుండా, ఆమె తన ఇష్టంతో సోదరుడికిస్తే అది వేరు.

నేటి షజరాలో ప్రతి ఆడబిడ్డ పేరు, ఆమె పుట్టిన వరుసలోనే, సోదరుల పక్కనే ఉన్నది. దాని మీద ఈ ఖాందాన్‌లోని ప్రతి శాఖ పెద్ద సంతకం చేశారు. షజరాను చూసి ఏ తహసీల్దారూ పట్టా ఇవ్వడు, నిజమే. కానీ ఇంతమంది సంతకాలున్న కాగితం ఊరిలో ఉండగా, దరఖాస్తులో చెల్లెలి పేరు మింగేయడానికి అన్న చేయి వణుకుతుంది. మాకు కావలసింది ఆ వణుకే.

ఇదే సందర్భంలో తండ్రి లేని పిల్లల సంగతి కూడా చెప్పాలి. తాత బతికి ఉండగానే తండ్రి పోయిన పిల్లలకు, తాతకు మరో కొడుకు ఉన్న పక్షంలో, విరాసత్‌లో వాటా రాదు. ఇది అందరికీ తెలుసు. 'వీరికేమీ లేదు' అని చెప్పడానికి చాలామంది సిద్ధంగా ఉంటారు. అయితే వారసులు కానివారికి ఆస్తిలో మూడో వంతు వరకు వసియ్యత్ చేసే అవకాశాన్ని కూడా షరీఅతే ఇచ్చింది. బతికి ఉండగా హిబా చేసే మార్గమూ ఉన్నది. ఆ మాట చెప్పేవారు తక్కువ. షజరాలో అటువంటి పిల్లలున్న ప్రతి కొమ్మ వద్ద ఆకుపచ్చ గుర్తు ఉంచాము. ఆ గుర్తు తాతల కోసం, చాచాల కోసం. ఇంకా సమయముండగానే ఆలోచించుకొమ్మని మనవి.

కాగితం అడిగే కాలం

ఇక రెండో నష్టం. ఇది మన ఇంటి గడప దాటినది.

అస్సాంలో పౌర పట్టిక తయారైనప్పుడు దరఖాస్తుదారులు రెండు రకాల కాగితాలు చూపవలసి వచ్చింది. 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందు తామో తమ పూర్వికులో ఉన్నట్లు ఒక పత్రం. పూర్వికుడి పేరు చూపినవారైతే, ఆ పూర్వికుడికీ తమకూ ఉన్న సంబంధాన్ని నిరూపించే మరొక పత్రం. ఒకే పూర్వికుడిని చూపిన బంధువులందరూ ఇచ్చిన వంశవృక్షాలను సరిపోల్చి చూశారు. ఒకరు రాసిన పేరు మరొకరు రాయకపోతే అనుమానం. ఎవరిదో ఒకరి అక్షరదోషం అందరి మెడకు చుట్టుకున్నది. 2019 ఆగస్టు 31న వెలువడిన తుది జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేవు. వారిలో అన్ని మతాలవారూ ఉన్నారు.

అక్కడ ఎక్కువ ఇబ్బంది పడినవారు వివాహిత స్త్రీలు. బడికి వెళ్లలేదు గనుక బడి పత్రం లేదు. చిన్న వయసులోనే అత్తవారింటికి వెళ్లారు గనుక ఓటర్ల జాబితాలో ఎప్పుడూ భర్త పేరే పక్కన ఉంది. తండ్రి పేరు ఎక్కడా లేదు. అటువంటి లక్షల మంది గ్రామపంచాయతీ కార్యదర్శి ఇచ్చిన ధ్రువపత్రం మీద ఆధారపడ్డారు. 2017 ఫిబ్రవరిలో గౌహతి హైకోర్టు ఆ పత్రం చెల్లదన్నది. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు, తగిన పరిశీలన జరిపి దానిని సంబంధ నిరూపణకు అంగీకరించవచ్చునని తీర్పు చెప్పింది. ఆ పది నెలలు ఆ స్త్రీలు ఎంత వేదన అనుభవించి ఉంటారో ఊహించండి. తాను ఎవరి కూతురో ఆమెకు తెలుసు, ఊరికి తెలుసు. కాగితానికి మాత్రం తెలియదు.

2025లో బీహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ జరిగినప్పుడు 2003 నాటి జాబితాను ప్రమాణంగా తీసుకున్నారు. అందులో తమ పేరు లేనివారు తమ కోసం వేరే పత్రం చూపవలసి వచ్చింది; తల్లిదండ్రుల పత్రానికి బదులు ఆ జాబితాలో వారి పేరున్న పుటను జతపరచవచ్చునన్నారు. తర్వాత ఆ సవరణ మరికొన్ని రాష్ట్రాలకు విస్తరించింది. ఇటువంటి విధానాల న్యాయాన్యాయాల గురించి పౌరసంఘాలు, న్యాయవాదులు ప్రశ్నిస్తూనే ఉన్నారు. ఆ ప్రశ్నలో మనమూ గొంతు కలపాలి. భయపడవలసిన పని లేదు. కానీ ప్రశ్నించేవారి ఇంట కాగితం సిద్ధంగా ఉండడం మంచిది.

షజరా తయారీలో మేము చూసిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. ఒకే మనిషి పేరు ఒక్కొక్క పత్రంలో ఒక్కొక్క విధంగా ఉన్నది. రేషన్ కార్డులో బీబీ, ఆధార్‌లో బేగం, ఓటర్ల జాబితాలో రెండూ లేవు. ఒక చోట షేక్ ముందు, మరొక చోట వెనక. ఉర్దూలో ఒకటే అయిన పేరు తెలుగులోకి, ఇంగ్లీషులోకి మారేసరికి మూడు రూపాలు దాల్చింది. ఇటువంటి తేడాలను షజరా సంపుటిలో ప్రతి కుటుంబానికి ఎదురుగా నమోదు చేశాము. తీరికగా ఉన్నప్పుడే సరిచేయించుకోవడం సులువు. నోటీసు వచ్చాక పరుగెత్తడం కష్టం. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ, స్థలం నిరూపించే పత్రం జనన ధ్రువపత్రమేనని కొత్త సవరణ చట్టం నిర్దేశించింది. కనుక అఖీఖా నాటికే పేరును ఒకే అక్షరక్రమంలో నమోదు చేయించండి.

గొప్ప కోసం రాసిన కొమ్మలు

ఈ పనిలో మాకు ఎదురైన పేచీని కూడా దాచము. మన షజరాను ఎలాగైనా అరబ్బు దేశం దాకా తీసుకుపోవాలని కొందరు ఆశించారు. ఆధారాలు దొరికిన మేరకే రాశాము. అవి కడప దాటి ఎక్కువ దూరం వెళ్లలేదు. మన పూర్వికులలో ఒకరు సంతల వెంట తిరిగి అత్తరు అమ్మారనీ, మరొక కొమ్మవారు దూదేకుల ఇంటితో వియ్యమందారనీ తేలినప్పుడు, వాటిని రాయవద్దని మరికొందరు కోరారు. రాశాము. ఎందుకంటే అవి నిజం. చెమటోడ్చి తిన్న అన్నం ఏ వంశానికీ మచ్చ కాదు.

ఇందులోనూ హక్కుల మాట ఉన్నది. మన రాష్ట్రంలో 2007 చట్టం ద్వారా వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కల్పించారు. అత్తరు సాయిబులు, ఫకీర్లు, ఖురేషీ కసాబులు, షేక్‌లు మొదలైనవారు ఆ జాబితాలో ఉన్నారు. సయ్యద్, మొగల్, పఠాన్ మొదలైనవారు లేరు. దూదేకులవారు అంతకు ముందు నుంచే బి.సి.-బిలో ఉన్నారు. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేయగా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది అమలులో కొనసాగుతున్నది. ఇటువంటి స్థితిలో, గొప్ప కోసం ఒక తరం తమ పేరుకు లేని బిరుదు తగిలించుకుంటే, తర్వాతి తరం పిల్ల ఇంజినీరింగు సీటు కోసం ధ్రువపత్రం అడిగినప్పుడు తాత పెట్టుకున్న ఆ బిరుదే అడ్డు నిలుస్తుంది. అబద్ధపు షజరా సొంత మనవరాలి సీటును తీసుకుంటుంది. అలాగే లేని వెనుకబాటును చెప్పుకోవడం నిజంగా వెనుకబడినవారి వాటాను కాజేయడమే. ఉన్నది ఉన్నట్లు రాయడం ఒక్కటే మార్గం.

మన మూడో తరంలో ఒక దాదీ మరొక మతంలో పుట్టి, నికాహ్‌తో ఈ ఇంటికి వచ్చారు. ఆమె పుట్టింటి పేరు రాయాలా వద్దా అని తర్జనభర్జన జరిగింది. ఆమె పుట్టింటి పేరూ, ఇక్కడి పేరూ రెండూ రాశాము. తల్లిదండ్రుల పేరు మార్చి ఎవరినీ పిలవకూడదన్నది మనకు తెలిసిన నీతే. ఆమె పుట్టింటివారు ఈనాటికీ మన పెళ్లిళ్లకు వస్తున్నారు. చుట్టరికం బతికి ఉండగా కాగితం మీద చంపడం సిలారహ్మీ కాదు.

మా మనవి

చివరగా కొన్ని పనులు మీ ముందుంచుతున్నాము. ప్రతి ఇంటివారు నేడే తమ కొమ్మను సరిచూసుకొని, ఎక్కడైనా ఆడబిడ్డ పేరు తప్పిపోయి ఉంటే చెప్పండి. పెళ్లయి వెళ్లిన ప్రతి బిడ్డా తన నికాహ్‌నామా నకలును, తన తండ్రి పేరు ఉన్న కనీసం ఒక పత్రాన్ని అత్తవారింటి బీరువాలో తన వద్దనే ఉంచుకోవాలి. నికాహ్‌నామా లేనివారు ఖాజీగారి సియాహా నుంచి నకలు తెచ్చుకోండి. ఇంట ఎవరైనా మరణిస్తే, కుటుంబ ధ్రువపత్రం దరఖాస్తులో కొడుకులు, కూతుళ్లు, భార్య, తల్లి అందరి పేర్లూ ఉన్నాయా లేదా అని శాఖ పెద్ద చూడాలి. ఆ బాధ్యతను ఈ సమ్మేళనం వారికి అప్పగిస్తున్నది. విరాసత్ పంపకాలు ఏళ్ల తరబడి వాయిదా వేయకండి. ఆలస్యమైన కొద్దీ వారసులు పెరుగుతారు, వాటాలు చీలుతాయి, మనసులు విరుగుతాయి.

ఒక జాగ్రత్త కూడా అవసరం. గోడ మీది షజరాలో పేర్లు మాత్రమే ఉన్నాయి. పుట్టిన తేదీలు, ఫోను నంబర్లు, ఆధార్ వివరాలు విడి సంపుటిలో ఉన్నాయి. అది శాఖ పెద్దల వద్దనే ఉంటుంది. ఆ పుటలను ఫోటో తీసి వాట్సాప్‌లో పంపవద్దని యువకులకు గట్టిగా చెబుతున్నాము. బంధువుల కోసం రాసినది పరాయివారి చేతిలో పడితే మేలుకన్న కీడు ఎక్కువ.

ఇంకా పూర్తి కాని కొమ్మలు పదకొండు ఉన్నాయి. అవన్నీ ఆడబిడ్డల కొమ్మలే. దూరపు ఊళ్లకు వెళ్లి, రాకపోకలు తెగిపోయినవారివి. వచ్చే సమ్మేళనం నాటికి ఆ పదకొండు ఇళ్లకూ మనిషి వెళ్లాలి. పేరు రాసుకోవడానికే కాదు, మీరు మావారు అని చెప్పి ఈ దస్తర్‌ఖాన్ మీదికి పిలవడానికి. ఎవరెవరు ఏ ఊరికి వెళ్తారో భోజనానికి ముందే తేల్చుకుందాం. కాగితం, కలం ఇక్కడ సిద్ధంగా ఉన్నాయి.

తెగిన బంధుత్వాలను కలిపే శక్తిని, ఎవరి హక్కు వారికి చేర్చే నిజాయితీని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.